కొండ మీది కల్లం

మా అక్క కూతురు ఆర్కిటెక్టు. ఈ మాట ఎవరూ అడక్కపోయినా చెప్పేస్తాను. కూరల బండి దగ్గర, చర్చి మెట్ల మీద, నల్లపాడు స్టేషన్లో రైలు ఆలస్యమైతే బెంచీ మీద పక్కన కూర్చున్నవాళ్ళకి. "ఇంజినీరా అండీ?" అంటారు. "ఇంజినీరు కాదు, ఆర్కిటెక్టు" అంటాను గట్టిగా. తేడా ఏమిటని అడిగితే మాత్రం నాకు కోపం వస్తుంది, ఎందుకంటే నాకూ సరిగ్గా తెలియదు. అక్క పొలం పనులకు పోతూ పిల్లని నా దగ్గర వదిలింది. నేను బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ దాన్ని చదివించాను. పిన్నీ అని పిలుస్తుంది గానీ సగం నా కూతురే.

ఆ పిల్ల సొంతంగా గీసి కట్టించిన మొదటి ఇల్లు నల్లమల అంచున ఉంది. దోర్నాల ఇవతల, కొండ మొదలయ్యేచోట, ఏటవాలు స్థలం. కట్టించుకున్నాయన గుంటూరు మిర్చి వ్యాపారి. వేసవిలో ఊళ్ళో ఘాటుకీ ఎండకీ తట్టుకోలేక కొండ మీద ఒక ఇల్లు కావాలనుకున్నాడు. మా పిల్ల గీసిన బొమ్మలు చూసి ముచ్చటపడ్డాడు, అడ్డు చెప్పకుండా కట్టించాడు. అంతా అయ్యాక ఫోన్లో ఫోటోలు తీసుకెళ్ళి వాళ్ళమ్మకి చూపించాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఇది ఇల్లా, సిమెంటు గోడౌనా? పూత లేదు, రంగు లేదు, మేడ లేదు. నేనిందులో అడుగు పెట్టను" అందట.

ఆయన వ్యాపారంలో పులే గానీ అమ్మ ముందు పిల్లి. వెంటనే ఒక ఏర్పాటు చేశాడు. అమ్మ ఒకసారి స్వయంగా వచ్చి చూస్తుంది. అప్పటికీ నచ్చకపోతే గోడలకు పూతేసి రంగు కొట్టించి, పైన స్తంభాలూ ఆర్చీలూ పెట్టి ఇంకో అంతస్తు లేపుతారు. కొలతలు తీసుకోవడానికి మేస్త్రిని కూడా అదే రోజు రమ్మన్నాడు.

మా పిల్ల ఫోన్ చేసి ఏడ్చింది. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయినా ఏడవని పిల్ల. "పిన్నీ, పైన అంతస్తు వేస్తే అది నేను కట్టిన ఇల్లు కాదు. పేరుకే ఉంటుంది. నువ్వు కూడా రా. పెద్దవాళ్ళకి ఎలా చెప్పాలో నాకు తెలీదు. నువ్వు టీచరువి."

టీచరన్నాక ఎవర్నయినా ఒప్పించగలనని దాని నమ్మకం. నిజానికి నేను నోరు తెరిస్తే గొడవలు పెరిగిన సందర్భాలే ఎక్కువ. అయినా వెళ్ళాను. రాత్రంతా ఏం మాట్లాడాలో మనసులో రాసుకున్నాను. గాలి, వెలుతురు, కొత్త తరం, ఆడపిల్ల కష్టం, అన్నీ ఉన్నాయి అందులో.

ఫిబ్రవరి నెల. చీకటితోనే గుంటూరులో బయల్దేరాం. కారు ఆ వ్యాపారే నడిపాడు. వెనక వాళ్ళమ్మ, ఆ పెద్దావిడ, నేను, మధ్యలో మా పిల్ల. డిక్కీలో ఒక గోతం మిరపకాయలు. ఏడాది కారానికని ఆవిడ తన చేత్తో ఎంచుకున్న కాయలట. ఇంకొక్క ఎండ తగలాలి, ఇంట్లో వదిలేస్తే ఎవరూ సరిగ్గా తిరగెయ్యరు, అందుకని వెంటబెట్టుకొచ్చింది. నరసరావుపేట దాటేలోపే ముగ్గురం తుమ్మడం మొదలుపెట్టాం. ఆవిడ మాత్రం తుమ్మలేదు.

ఎండుపుల్లలా ఉంటుంది మనిషి. కొడుకు ఏసీ వేస్తే అద్దం దించింది. వినుకొండ దాటాక మా పిల్ల వైపు తిరిగింది.

"ఏమ్మా, గోడలకి పూత ఎందుకెయ్యలేదు? మావాడు డబ్బులివ్వలేదా?"

"లేదండీ మామ్మగారూ. కావాలనే వదిలేశాను. సెంట్రింగు చెక్కల గీతలు గోడ మీద కనపడాలని..."

"కావాలని ఎవరైనా గోడని బోసిగా వదిలేస్తారంటమ్మా?"

పిల్ల తల దించుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఉపన్యాసం నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఇప్పుడే మొదలుపెడితే దారిలోనే దింపేస్తారేమోనని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. పత్తికట్టె పీకి కుప్పలు పెట్టిన చేలు. వాటి పక్కన అక్కడక్కడా కల్లాలు, ఎర్రగా పరిచిన కాయలు, వాటి మీద వంగిన ఆడవాళ్ళు. చిన్నప్పుడు సంక్రాంతి దాటిందగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా మా అమ్మ ఉండేది ఆ కల్లాల మీదే. తాలు కాయలు ఏరేది. అంటే తెల్లబడి మచ్చపట్టిన కాయల్ని ఎర్రటి మంచికాయల్లోంచి వేరుచేయడం. సెలవుల్లో అక్కా నేనూ కూడా వెళ్ళేవాళ్ళం. ఇంటికొచ్చాక ఆ చేతులతో కళ్ళు నులుముకున్నామా, ఇక ఆ రాత్రికి నిద్ర లేనట్టే.

మార్కాపురం దాటాక నేల లేవడం మొదలైంది. కొంతదూరం పోయాక కారు తారురోడ్డు వదిలి ఎర్రమట్టి దారిలో పైకెక్కింది. ఒక మలుపు తిరిగి ఆగింది. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. మేస్త్రి దారి తప్పాడట.

"మేడం, మీరు అమ్మకి ఇల్లు చూపిస్తూ ఉండండి. నేను వాణ్ణి తీసుకొస్తా" అన్నాడు మా పిల్లతో.

"ముందు నా గోతం దించి పోరా" అంది పెద్దావిడ. గోతం దించి, కారు వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

నేను చుట్టూ చూశాను. ఇల్లు ఏదీ? రోడ్డు అంచునుంచి మొదలుపెట్టి విశాలంగా బూడిదరంగు చప్టా పరుచుకుని ఉంది. మిగతా మూడు వైపులా మోకాలెత్తు గోడ. దాని అవతల ఏమీ లేదు, లోయ. లోయకు అవతల ఒకదాని వెనక ఒకటి కొండలు. ఇల్లు ఇంకా పైనెక్కడో ఉందేమో, ఇక్కణ్ణుంచి నడవాలేమో అనుకున్నాను.

మా పిల్ల "ఇదేనండీ" అనబోయింది. ఆ మాట పూర్తికాలేదు. పెద్దావిడ చప్టా అంచున ఆగి, చెప్పులు విప్పి, రెంటినీ పక్కపక్కన సర్ది పెట్టింది. కొంగు నడుముకి దోపుకుని వట్టికాళ్ళతో చప్టా మీదికి నడిచింది. నేను వెనకాలే అడుగేశాను.

"టీచరమ్మా! చెప్పులు తియ్యి! కల్లంలోకి చెప్పులేసుకుని వస్తారా?"

నా కాళ్ళు నా అనుమతి లేకుండానే చెప్పులు వదిలేశాయి. మా పక్క కల్లం తొక్కాలంటే చెప్పులు విప్పాల్సిందే. ఏడాది తిండి వచ్చి పడే చోటది. ఆసామి అయినా విప్పాలి, బస్తాలు మోసేవాడైనా విప్పాలి. మా అమ్మకి ఆ ఇబ్బంది లేదు, విప్పడానికి ఆమెకు చెప్పులుండేవి కావు.

పెద్దావిడ చప్టా నడిమధ్యకి పోయి వంగి, అరచేత్తో నేల రాసి చూసింది. నా చేతిలోని సీసా లాక్కుని కొంచెం నీళ్ళు పోసింది. నీళ్ళు ఎక్కడా ఆగకుండా సన్నగా జారుకుంటూ ఒక మూలనున్న తూములోకి వెళ్ళిపోయాయి. ఆవిడ ఇంకోవైపు పోయి మళ్ళీ పోసింది. మళ్ళీ అదే తూములోకి పోయాయి.

"ఎవరిదో గానీ మంచి కల్లం" అంది. "చుక్క నిలవట్లా. నాలుగు పక్కలా గాలి. గరుకు కూడా ఎంత ఉండాలో అంతే ఉంది. మావాడికి ఈ బుద్ధి ఉంటేనా! ఇట్టాంటి కల్లం వెయ్యరా అంటే, పోయి గోడౌను కట్టుకున్నాడు."

అప్పుడు తెలిసింది నాకు. మేం నిలబడింది ఇంటి మీద. కొండవాలు కాబట్టి రోడ్డు ఇంటి కప్పు ఎత్తులో ఉంది. ఇల్లంతా మా కాళ్ళ కింద, లోయవైపు ముఖం పెట్టుకుని ఉంది. మా పిల్ల ముఖం చూశాను, సున్నం కొట్టినట్టుంది. నిజం చెప్పేయడానికి నోరు తెరిచింది. నేను దాని చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. మాట్లాడటానికని పనిగట్టుకుని వచ్చినదాన్ని, నోరు మూసుకోవాలని తోచడం నా జీవితంలో అదే మొదటిసారి.

"మన ఇల్లెక్కడమ్మా మరి?" అంది పెద్దావిడ.

"ఇల్లెక్కడికి పోతుందండీ, చూద్దాం" అన్నాను. "ఎండ బాగుంది. ముందు మీ కాయలు ఆరబోద్దాం."

"ఎవళ్ళ కల్లమో ఏమో, అడక్కుండా పొయ్యొచ్చా?"

"మనవాళ్ళదే లెండి."

అబద్ధమేమీ ఆడలేదు నేను. గోతం ఈడ్చుకొచ్చి మూతి విప్పాం. కాయలు గలగలమంటూ చప్టా మీద పరుచుకున్నాయి. ఆ బూడిదరంగు మీద ఆ ఎరుపు చూసి మా పిల్ల ఒక్క క్షణం భయం మర్చిపోయింది, ఫోన్ తీసి ఫోటో తీసుకుంది. పెద్దావిడ కాయల్ని కాళ్ళతో పలచగా నెరిపి, చతికిలబడి, తాలు ఏరడం మొదలుపెట్టింది. నేనూ పక్కన కూర్చున్నాను. బళ్ళో చాక్‌పీసు పట్టుకున్నన్నాళ్ళూ నా వేళ్ళు ఈ పని మర్చిపోయాయనుకున్నాను. మర్చిపోలేదు. మంచికాయని వదిలి తాలుకాయ దగ్గరికి వాటంతటవే పోతున్నాయి.

ఆవిడ నా చేతులకేసి చూస్తోంది.

"నీ చెయ్యి భలే తిరుగుతోందే! టీచరన్నారుగా?"

"టీచర్నేనండీ. మా అమ్మ కల్లాలకి కూలికెళ్ళేది. మేం అక్కచెల్లెళ్ళం కూడా ఏరేవాళ్ళం. ఈ పిల్ల మా అక్క కూతురు."

ఈ మాట చెప్పాక ఎదుటివాళ్ళ ముఖం ఎలా మారుతుందో చూడటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కొందరు మర్యాద తగ్గిస్తారు. కొందరు జాలి తెచ్చిపెట్టుకుంటారు, అది ఇంకా ఒళ్ళు మండిస్తుంది. ఆవిడ రెండూ చెయ్యలేదు. కాసేపు ఏరుతూనే ఉంది. తర్వాత నడుము మీద చెయ్యి వేసుకుని మూలిగింది.

"మా కల్లంలో కూలోళ్ళు ఏరుతుంటే నేను మంచమ్మీద కూర్చుని, ఇంకా బాగా ఏరండే అని అరిచేదాన్ని. కాసేపటికే నడుం పట్టేసింది. పొద్దస్తమానం ఎట్టా కూర్చునేవాళ్ళే తల్లీ?"

"కూర్చోకపోతే కూలి ఇవ్వరు కదండీ" అన్నాను.

ఆవిడ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కానీ కోపం కూడా వచ్చింది. ఈ ప్రశ్న మా అమ్మని ఒక్కరైనా అడిగి ఉంటే బాగుండేదని అనిపించింది. రెండూ బయటపడకుండా మిరప ఘాటని దగ్గాను.

అప్పుడొచ్చింది కారు. ఆయన దిగి బూట్లతోనే చప్టా ఎక్కబోయాడు.

"ఒరేయ్! బూట్లు!"

ఆయన ఉలిక్కిపడి ఒంటికాలి మీద గెంతుతూ బూట్లు విప్పాడు. కాయల్ని చూసి బుర్ర గోక్కున్నాడు. "మేస్త్రి వెనకాల బండి మీద వస్తున్నాడు. అయినా ఇంటి మీద మిరపకాయలు పోశావేంటమ్మా?"

"ఇంటి మీదా?"

"నువ్వు కూర్చుంది మనింటి మీదే. మేడం చెప్పలేదా?"

ఆవిడ చేతిలోని కాయ అలాగే ఉండిపోయింది. మా పిల్ల అన్నాళ్ళ పని అంతా ఆ ముసలావిడ పెదవి ఎటు కదులుతుందో దాని మీద ఆగింది.

"అడుగు పెట్టనన్నానుగా నేను" అంది చివరికి, ఎవరితోనో తెలియకుండా.

"పెట్టేశారండీ మామ్మగారూ" అంది మా పిల్ల. "చెప్పులు కూడా విప్పారు."

ఆ గొంతు ఎక్కడ దాచుకుందో ఇన్నాళ్ళూ! ఆవిడ దాన్ని తలనుంచి పాదాల దాకా చూసింది. "ఈ కల్లం వేసింది నువ్వా?"

"నేనేనండీ. దీని కిందే ఇల్లు."

"చూపించు."

చప్టా పక్కనుంచి మెట్లు దిగాం. దిగుతున్నకొద్దీ ఇల్లు బయటపడింది. ఒకటే పొడుగాటి హాలు, లోయవైపు గోడే లేదు, నేలనుంచి కప్పుదాకా అద్దం. కప్పు స్తంభం లేకుండా బయటికి సాగి, ఎండని గుమ్మం అవతలే ఆపేసింది. కొండవైపు గోడకి మార్కాపురం పలకరాయి. బతుకంతా పిల్లల చేత పలకల మీద దిద్దించినదాన్ని, ఒక గోడంత పలక చూసేసరికి బలపం కోసం చెయ్యి ఊరికే పోయింది. హాలు మధ్యలో ఏనుగంత బండ. అది కొండదే. దాన్ని పగలగొట్టకుండా ఇల్లే దాని చుట్టూ తిరిగింది. పెద్దావిడ ఆ బండ మీద చెయ్యి వేసి, చల్లగా ఉందంది. వంటింట్లోకి పోయి కిటికీలోంచి కొండలు చూస్తూ చాలాసేపు నిలబడింది. గోడలు మాత్రం బోసిగానే ఉన్నాయంది. ఆ మాట మీద ఈ రోజుకీ నిలబడే ఉంది.

అప్పుడు నెత్తి మీద టక్ టక్‌మని చప్పుడైంది. ఎవరో బూట్లతో నడుస్తున్నారు. తర్వాత టేపు లాగిన గరగర.

ఆవిడ మెట్లు ఎక్కిన వేగం నాకు రాలేదు. నేను పైకి చేరేసరికి మేస్త్రి చప్టా మధ్యలో, కాయల పక్కనే, టేపు పట్టుకుని కొయ్యబారిపోయి ఉన్నాడు.

"ఎవడ్రా నువ్వు? బూట్లతో కల్లం తొక్కుతావా? దిగు ముందు!"

"కొలతలకి రమ్మన్నారండీ, పైన మేడ వెయ్యాలని..."

"కల్లం మీద ఇల్లు కడతారట్రా ఎవడైనా?"

కొడుకు మెల్లగా గొణిగాడు. "మేడ లేదన్నది నువ్వే కదమ్మా?"

"నేనా? ఎప్పుడన్నాను? కాయలు ఎక్కడ పోసుకోమంటావు, నీ నెత్తి మీదా?"

టేపు చరచరా వెనక్కి చుట్టుకుపోయింది. మేస్త్రి బూట్లు చేతిలో పట్టుకుని రోడ్డు మీదికి దిగాడు. నేను పక్కకి తిరిగి "స్తోత్రం ప్రభువా" అనుకున్నాను, పైకే అనుకున్నట్టున్నాను, పెద్దావిడ వింది. మా పిల్ల నా భుజం మీద తల పెట్టి నవ్వుతూ ఏడ్చింది. నా ఉపన్యాసం ఒక్క ముక్క కూడా ఖర్చు కాలేదు.

తిరుగు ప్రయాణంలో ఒకచోట టీకి ఆగినప్పుడు దాన్ని పక్కకి లాగి అడిగాను. "నిజం చెప్పవే. కల్లమని అనుకునే కట్టావా?"

"స్థలం చూడగానే అమ్మమ్మ చెప్పిన కల్లాలే గుర్తొచ్చాయి పిన్నీ. ఇంట్లోకి ఎవరొచ్చినా ముందు కల్లం మీదనుంచే రావాలనుకున్నా. డ్రాయింగులో ఎంట్రీ టెర్రస్ అని రాశాను. కల్లమని రాస్తే ఒప్పుకునేవాళ్ళా?"

గృహప్రవేశం వైశాఖంలో పెట్టుకున్నారు. ఎండలు మండిపోతున్నాయి. గుంటూరునుంచి పెద్ద పెద్ద కార్లలో పెద్దమనుషులు దిగారు. పెద్దావిడ రోడ్డు అంచున కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళ చేతా చెప్పులు విప్పించింది. కాయల కాలం అయిపోయింది, కల్లం మీద ఒక్క కాయ లేదు, అయినా విప్పించింది. "మా కల్లం ఈ అమ్మాయి వేసింది" అని మా పిల్లని పక్కన నిలబెట్టుకుని అందరికీ చెప్పింది. రోడ్డు పక్కన చెప్పులు గుట్టపడ్డాయి. ఆ చప్టా పెనంలా కాలుతుంటే, పట్టుపంచెల వాళ్ళూ నగల వాళ్ళూ అబ్బా అమ్మా అంటూ గెంతుకుంటూ పరిగెత్తి మెట్లలో పడుతున్నారు.

మా వంతు వచ్చింది. అక్క చెప్పులు విప్పింది, నేనూ విప్పాను. ఇద్దరం చేతులు పట్టుకుని ఆ చప్టా మీద అడుగు పెట్టాం. పాదాలు చుర్రుమన్నాయి. వెనకనుంచి ఎవరో "త్వరగా నడవండమ్మా, కాళ్ళు కాలతాయి" అన్నారు. మేం పరిగెత్తలేదు. మా అమ్మ ఎండలో కల్లం మీద ఎలా నడిచేదో అలాగే, నిదానంగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి వెళ్ళాం.